కన్నాట్ ప్లేస్‌లో ఐదు నిమిషాలు

ఢిల్లీ అనగానే మనకు ఎర్రకోట, కుతుబ్ మీనార్, ఇండియా గేట్, పార్లమెంటు భవనం కళ్ల ముందు మెదులుతాయి. ఎల్.టి.సి. పై రాజధానికి వెళ్లివచ్చిన మన సహోద్యోగులు వాటిని గురించి ఈ పుటలలో ఇదివరకే ఎన్నోసార్లు వ్రాసి ఉన్నారు. అందుచేత ఆ వర్ణనల జోలికి మేము పోవడం లేదు. పగలంతా కోటలు, గోరీలు, తోటలు తిరిగి అలసిన యాత్రికుడు సాయంకాలానికి చేరుకొనే చోటు ఒకటి ఉన్నది. అదే కన్నాట్ ప్లేస్. గత డిసెంబరు చివరి వారంలో ఢిల్లీ వెళ్లిన మా మూడు కుటుంబాలు మూడు సాయంత్రాలు అక్కడ గడిపాయి. పిల్లలకు స్వెట్టర్లు, ఇంటికి దుప్పట్లు కొన్నాము. వాటితో పాటు ఒక పాఠం కూడా వెంట తెచ్చుకొన్నాము. అది మన కర్మాగారంలో ఏటా మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవం నాడు చేయి చాచి చేసే ప్రతిజ్ఞలో ఉన్నదే. కాని దాని అర్థం మాకు అక్కడ తెలిసివచ్చినది.

వృత్తాకారపు అంగడి

కన్నాట్ ప్లేస్ నిర్మాణం 1929లో మొదలై 1933లో పూర్తి అయినది. దానికి ముందు అక్కడ మాధోగంజ్, జైసింగ్‌పురా, రాజా కా బజార్ అనే పల్లెలు, తుమ్మచెట్ల అడవి ఉండేవి. న్యూఢిల్లీ నిర్మాణమప్పుడు ఆ పల్లెవాసులను వేరే చోట్లకు తరలించి నేలను చదును చేశారు. 1921లో భారతదేశానికి వచ్చి పార్లమెంటు భవనానికి శంకుస్థాపన చేసిన డ్యూక్ ఆఫ్ కన్నాట్ పేరు దీనికి పెట్టారు. రూపకల్పన చేసినవారు రాబర్ట్ టోర్ రస్సెల్. ఇంగ్లాండులోని బాత్ నగరంలో గల రాయల్ క్రెసెంట్ అనే అర్ధచంద్రాకారపు భవన శ్రేణి దీనికి ఒరవడి అని చెబుతారు.

నడుమ పచ్చని సెంట్రల్ పార్కు, దాని చుట్టూ లోపలి వృత్తం, ఆ తరువాత మధ్య వృత్తం, వెలుపల కన్నాట్ సర్కస్ అనబడే పెద్ద వృత్తం ఉన్నవి. వీటిని కలుపుతూ నడుమ నుండి ఆకుల ఈనెల వలె అడ్డదారులు సాగుతాయి. తెల్లని స్తంభాల వెనుక ఎండవానలు తగలని విశాలమైన నడవ ఉన్నది. ఆ నడవలో నడుస్తూ పోతే బయలుదేరిన చోటికే మళ్లీ వస్తాము. మా పిల్లలకు ఈ సంగతి ఎంత నచ్చినదో చెప్పలేము. 1995లో లోపలి వృత్తానికి రాజీవ్ చౌక్ అనీ, వెలుపలి వృత్తానికి ఇందిరా చౌక్ అనీ పేర్లు మార్చినప్పటికీ, జనం నోట మాత్రం ‘సి.పి.’ అనే రెండక్షరాలే నిలిచిపోయాయి. 2005లో సెంట్రల్ పార్కు క్రింద మెట్రో స్టేషను వచ్చినది. 2010 కామన్వెల్త్ క్రీడలను పురస్కరించుకొని చేపట్టిన పునరుద్ధరణకు మన సోదర ప్రభుత్వరంగ సంస్థ ఇంజనీర్స్ ఇండియా లిమిటెడ్ సలహాదారుగా వ్యవహరించినది. పార్కులో 207 అడుగుల స్తంభంపై ఎగిరే జాతీయ పతాకాన్ని 2014 మార్చిలో ప్రతిష్ఠించారు.

భవనాలకు సున్నాలు వేశారు, నేల క్రింద రైళ్లు నడిపారు. కాని ఆ వృత్తాల చుట్టుకొలత 1933లో ఎంత ఉన్నదో నేడూ అంతే. అప్పుడు గుర్రపు బగ్గీలకూ, కొద్దిపాటి మోటారు కార్లకూ సరిపోయిన చోటులోనే ఇప్పుడు ఒక మహానగరపు వాహనాలు, వ్యాపారాలు, వేడుకలు, భయాలు అన్నీ ఇమడవలసి ఉన్నది. మా మొదటి సాయంత్రం అనుభవానికి ఇదే మూలం.

మొదటి సాయంత్రం

ఆ రోజు మేము పదిమందిమి అద్దెకు తీసుకొన్న పెద్ద వ్యానులో వెళ్లాము. వెంట మోకాళ్ల నొప్పులతో బాధపడే ఒక పెద్దామె ఉన్నారు. డ్రైవరు పాలికా బజారు పక్కన ఉన్న భూగర్భ పార్కింగు వైపు తిప్పబోయాడు.

“అక్కడి నుండి అమ్మ నడవలేరు నాయనా. ఇక్కడే దింపి ఆగు. ఐదు నిమిషాలలో వచ్చేస్తాము” అన్నాము.

“ఇక్కడ ఆపకూడదు సార్. దింపి నేను పార్కింగులో పెట్టుకొంటాను. ఫోను చేస్తే వస్తాను” అన్నాడు అతను.

“ఐదు నిమిషాలకు అంత దూరం ఎందుకు? అందరూ ఆపి ఉన్నారు కదా!”

మధ్య వృత్తంలో నిజంగానే అందరూ ఆపి ఉన్నారు. ఆ దారి ముందు వరుస దుకాణాలకూ, వెనుక వరుస దుకాణాలకూ నడుమ సాగుతుంది. హోటళ్ల వంటశాలల పొగగొట్టాలు, సామాను దించే తలుపులు, విద్యుత్తు పెట్టెలు అన్నీ దాని పక్కనే. అతను అయిష్టంగానే ఒక మలుపు వద్ద వ్యాను నిలిపాడు. మా ఐదు నిమిషాలు దుప్పట్ల బేరంలో నలభై నిమిషాలు అయ్యాయి. మమ్మల్ని వెదుక్కుంటూ డ్రైవరు కూడా దిగివచ్చాడు.

తిరిగి వచ్చేసరికి ఆ మలుపు వద్ద జనం మూగి ఉన్నారు. ఒక హోటలు వంటశాల గొట్టం నుండి నల్లని పొగ వెలువడుతున్నది. గంట కొట్టుకొంటూ వచ్చిన అగ్నిమాపక శకటం మలుపు తిరగలేక ఆగిపోయినది. దానికి అడ్డు మా వ్యాను. సిబ్బంది ఒక్క క్షణం ఆలస్యం చేయక గొట్టాలు భుజాన వేసుకొని పరుగున ముందుకు పోయారు. అదృష్టవశాత్తు మంట పొయ్యి పైభాగంలోనిదే. నీళ్లు చేరేలోపే హోటలు పనివారు అగ్నిమాపక సిలిండర్లతో దానిని ఆర్పివేశారు. ఎవరికీ గాయాలు కాలేదు. తిరిగివస్తూ ఒక అగ్నిమాపక ఉద్యోగి మమ్మల్ని చూసి, “ఈ బండి మీదేనా?” అని మాత్రం అడిగారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది అనిపించినది.

మా ముగ్గురిలో ఒకరు మన భద్రతా విభాగంలోనే పనిచేస్తారు. షాపులో అత్యవసర ద్వారం ఎదుట ఒక చెక్కపెట్టె ఉన్నా ఫోటో తీసి నివేదిక వ్రాసే మనిషి. ఆయన ఆ రాత్రి భోజనం దగ్గర, “మన భాషలో దీనిని నియర్ మిస్ అంటారు. కాకపోతే ఈసారి నివేదికలో మన పేర్లే వ్రాసుకోవాలి” అన్నారు. చలానా సొమ్ము మేమే కట్టాము. కాని మాట వినని వారము మేము, చలానా పడినది మాత్రం ఆ డ్రైవరు బండి నంబరు మీద.

నిలిచిన బండి ఖరీదు

మరునాడు సాయంత్రం మెట్రోలో వెళ్లాము. ఈసారి దుకాణాలను కాక రోడ్డును చూస్తూ నడిచాము. ఢిల్లీ బృహత్ ప్రణాళిక ప్రకారం ఆరుబయట ఒక కారును నిలపడానికి, తిప్పుకొనే చోటుతో కలిపి, 23 చదరపు మీటర్ల నేల కావాలి. భూగర్భంలోనైతే 32 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు ఇద్దరు చొప్పున సుఖంగా నిలబడినా, ఒక్క కారు చోటులో నలభై మందికి పైగా నిలువవచ్చును. ఆ కారులో వచ్చేవారు తరచుగా ఒకరో ఇద్దరో. వారు దుకాణంలో ఉన్న రెండు గంటలూ ఆ నేల మరొకరికి అందదు.

మరి బండ్లు పెట్టుకోవడానికి వేరే చోటే లేదా? ఉన్నది. పాలికా భూగర్భ పార్కింగు, శివాజీ స్టేడియం, బాబా ఖడక్ సింగ్ మార్గ్‌లోని యాంత్రిక బహుళ అంతస్తుల పార్కింగు అన్నీ నడిచిపోగల దూరంలోనివే. ఈ మూడింటిలో మూడు వేలకు పైగా వాహనాలకు చోటు ఉండగా, సుమారు మూడోవంతు మాత్రమే నిండుతున్నదని 2017లో ప్రభుత్వమే ప్రకటించినది. అనగా కొరత చోటుకు కాదు. దుకాణం గుమ్మం ముందే బండి ఆగాలనే మన కోరికకు తగినంత చోటు ఏ నగరంలోనూ లేదు.

అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు డొనాల్డ్ షూప్ ఈ విషయంపైననే జీవితకాలం పరిశోధన చేశారు. రోడ్డు పక్క చోటు చౌకగా దొరికితే, దానికోసం బండ్లు గానుగెద్దుల వలె చుట్టూ తిరుగుతాయనీ, ఆ తిరుగుడే రద్దీలో చాలా భాగమనీ ఆయన వాదన. ప్రతి వీధిలో ఎప్పుడూ ఒకటి రెండు చోట్లు ఖాళీగా మిగిలేటట్లు రుసుము నిర్ణయించాలనీ, వచ్చిన సొమ్మును ఆ వీధి బాగుకే ఖర్చు చేయాలనీ ఆయన సూచించారు. ఢిల్లీలో కూడా చలికాలపు కాలుష్యం ఒక హద్దు దాటిన రోజులలో పార్కింగు రుసుమును రెట్టింపు చేసే పద్ధతి ఉన్నది. జేబుకు బరువు తగిలితేనే కాలు నడకకు సిద్ధపడుతుందన్నది దానిలోని ఆలోచన.

అందరి కళ్లూ కాపలా

మెట్రో స్టేషనులోకి అడుగు పెట్టగానే పిల్లలు, “మన గేటు దగ్గర ఉండే అంకుల్స్!” అని కేక వేశారు. నిజమే. ప్రభుత్వరంగ సంస్థల రక్షణ కొరకు 1969లో ఏర్పడిన సి.ఐ.ఎస్.ఎఫ్. దళమే 2007 నుండి ఢిల్లీ మెట్రోకు కాపలా కాస్తున్నది. మన గేటు వద్ద సంచి తెరిచి చూపమంటే విసుక్కొనే మేము, అక్కడ వరుసలో మారు మాట లేకుండా నిలబడ్డాము.

ఆ తనిఖీకి కారణం ఉన్నది. 2008 సెప్టెంబరు 13, శనివారం సాయంత్రం, ఢిల్లీలో వరుసగా బాంబులు పేలాయి. కరోల్ బాగ్, గ్రేటర్ కైలాష్‌లతో పాటు కన్నాట్ ప్లేస్‌లో సెంట్రల్ పార్కు వద్ద, బారాఖంబా రోడ్డులో పేలుళ్లు జరిగాయి. ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. చెత్తడబ్బాలలో బాంబులు పెట్టారు. ఆ రోజు అక్కడ బెలూన్లు అమ్ముకొనే ఒక బాలుడు తాను చూసిన అనుమానితుల ఆనవాళ్లను పోలీసులకు చెప్పాడు. అంతకు ముందు ఏడాది, 2007 ఆగస్టు 25న, హైదరాబాదు లుంబినీ పార్కులో, గోకుల్ చాట్ వద్ద జరిగిన పేలుళ్లలో 42 మందిని పోగొట్టుకొన్న తెలుగువారికి ఆ దుఃఖం వేరే చెప్పనక్కరలేదు.

రోజూ ఆ వీధిలోనే తిరిగే మనిషి కన్ను ఎంత విలువైనదో ఆ బాలుని వలన తెలుస్తున్నది. బండి అద్దాల వెనుక కూర్చుని పోయేవానికి ఎదుట బండి తప్ప మరేమీ కనబడదు. నడిచేవానికీ, బల్లపై కూర్చున్నవానికీ, దుకాణం గుమ్మంలో నిలబడినవానికీ అన్నీ కనబడతాయి. కనుక నడిచేవారికి చోటు పెంచడమంటే కాపలా కళ్లను పెంచడమే.

డిసెంబరు 31

మూడవ సాయంత్రం సంవత్సరాంతపు రాత్రి. నూతన సంవత్సరానికి స్వాగతం చెప్పడానికి ఢిల్లీ యువతరం కన్నాట్ ప్లేస్‌కు తరలివస్తుంది. ఆ రాత్రికి పోలీసులు చేసే ఏర్పాట్లు ఏటా పత్రికలలో ముందుగానే వెలువడుతాయి. రాత్రి ఏడు, ఎనిమిది గంటల ప్రాంతం నుండి మూడు వృత్తాలలోనూ అనుమతి పత్రం లేని వాహనాలకు ప్రవేశం ఉండదు. మండీ హౌస్, బెంగాలీ మార్కెట్, గోల్ మార్కెట్, పటేల్ చౌక్, విండ్సర్ ప్లేస్ వంటి కూడళ్ల వద్దనే బండ్లను మళ్లిస్తారు. వాటి దాపున పార్కింగు స్థలాలు చూపి, ముందు వచ్చినవారికి ముందు అనే పద్ధతిన చోటు ఇస్తారు. రాత్రి 9 గంటల తరువాత రాజీవ్ చౌక్ స్టేషనులో దిగి బయటకు వెళ్లనివ్వరు. కాని లోపలికి వచ్చి రైలెక్కి ఇంటికి పోవడానికి మాత్రం చివరి రైలు దాకా అనుమతి ఉంటుంది.

వచ్చే దారిని మూసి, పోయే దారిని తెరిచి ఉంచడం! ఈ చిన్న నియమంలోని విజ్ఞత మాకు అమితంగా నచ్చినది. జనసమ్మర్దంలో మరణాలు సామాన్యంగా ఎవరి దుర్మార్గం వల్లనో జరగవు. చదరపు మీటరుకు ఐదారుగురిని మించి జనం చేరితే, ఎవరి అడుగు వారి చేతిలో ఉండదు. వెనుకనున్నవారికి ముందు ఏమి జరుగుతున్నదో తెలియదు. 2015 జూలై 14న గోదావరి పుష్కరాల తొలిరోజు రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో జరిగిన ఘోరం మనవారు మరువలేనిది. 2022 అక్టోబరు 29న దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లోని ఒక ఇరుకు సందులో వేడుకకు వచ్చినవారిలో 159 మంది చనిపోయారు. కన్నాట్ ప్లేస్‌కు చేరువనే ఉన్న న్యూఢిల్లీ రైల్వే స్టేషనులో 2025 ఫిబ్రవరి 15 రాత్రి తొక్కిసలాటలో 18 మంది మరణించారు. స్థలం, సందర్భం వేరైనా, నిండిన చోటులోకి ఇంకా జనం వచ్చి చేరడమే ఈ విషాదాలన్నింటిలో కనబడే అంశం.

మేము ఆరు గంటలకే మెట్రోలో చేరుకొన్నాము. ఎనిమిది దాటిన తరువాత లోపలి వృత్తం చూడవలసిన దృశ్యం. మొన్న బండ్ల వరుసలు ఉన్న చోట జనం నడుస్తున్నారు. మోకాళ్ల నొప్పుల పెద్దామె ఒక అరుగు మీద కూర్చుని, “హారను మోత లేకపోతే ఊరు ఎంత పెద్దదిగా ఉన్నదో చూశారా?” అన్నారు. మొదటి రోజు ఆమె పేరు చెప్పి బండి ఆపిన మేము తలలు వంచుకొన్నాము. ఆమెకు కావలసినది గుమ్మం ముందు బండి కాదు, ప్రతి యాభై అడుగులకు కూర్చునే చోటు. పది గంటలకు ముందే వెనుదిరిగి, తెరిచి ఉంచిన ఆ దారిలోనే రైలెక్కాము.

ఏడాదికి ఒక్క రాత్రేనా?

ఒక్క రాత్రి సాధ్యమైనది మిగిలిన రోజులలో ఎందుకు కాదని ఎవరికైనా తోచక మానదు. ప్రయత్నాలు జరిగాయి. దక్షిణ అమెరికాలోని బొగోటా నగరంలో 1974లో మొదలైన వాహనాలు లేని ఆదివారాల ఒరవడిలో, గుర్గావ్‌లో 2013 నవంబరులో ‘రాహ్‌గిరి’ ఆరంభమైనది. 2014 జూలైలో అది కన్నాట్ ప్లేస్‌కూ వచ్చి, ఆదివారం ఉదయాలలో లోపలి వృత్తాన్ని ఆటపాటలకు వదిలినది. 2017 జనవరిలో, మన తెలుగువారైన శ్రీ ఎం. వెంకయ్యనాయుడు కేంద్ర పట్టణాభివృద్ధి మంత్రిగా ఉన్నప్పుడు, లోపలి, మధ్య వృత్తాలను మూడు నెలల పాటు ప్రయోగాత్మకంగా వాహనరహితం చేయాలన్న నిర్ణయం వెలువడినది. వ్యాపారం దెబ్బతింటుందని దుకాణదారులు వ్యతిరేకించారు. ఆ ప్రయోగం జరగలేదు.

దుకాణదారుల భయాన్ని తేలికగా కొట్టివేయరాదు. అద్దెలు, జీతాలు కట్టవలసినది వారు. దూరంగా బండి పెట్టినవారిని దుకాణం దాకా చేర్చే చిన్న వాహనాలు, వృద్ధులకూ వికలాంగులకూ మినహాయింపులు, సరుకు దించుకోవడానికి వేళలు ముందుగా స్థిరపరచనిదే వారు ఒప్పుకోవడం కష్టం. మన వైపు హైదరాబాదు ట్యాంక్‌బండ్‌పై 2021లో ఆదివారం సాయంత్రాలు బండ్లను ఆపినప్పుడు కుటుంబాలు ఎంత ఉత్సాహంగా తరలివచ్చాయో మనకు తెలుసు. విశాఖ బీచ్ రోడ్డును తెల్లవారుజామున నడకకు వదిలే ఏర్పాటు కూడా అటువంటిదే. తమ వీధికి నడిచి వచ్చినవారు కూడా కొంటారని దుకాణదారులకు నమ్మకం కుదరాలి. ఆ నమ్మకం కలిగించవలసినవారము కొనుగోలుదారులమైన మనమే.

మన గేటు లోపల

ఊరికి తిరిగివచ్చిన తరువాత మన టౌన్‌షిప్‌ను కొత్త కళ్లతో చూస్తున్నాము. కర్మాగారం లోపల అసెంబ్లీ పాయింటు వద్ద ఒక సైకిలు కూడా నిలపనివ్వము. అగ్నిమాపక శకటం పోయే దారిలో పసుపు గీత దాటి సామాను పెట్టము. గేటు దాటి బయటకు రాగానే ఆ క్రమశిక్షణను హెల్మెటుతో పాటు తీసి పక్కన పెడతాము. దసరా నాడు రావణ దహనానికి మైదానం గేటు దాకా మోటారు సైకిళ్లు నింపుతాము. షాపింగ్ సెంటరులో మందుల దుకాణం ముందు ‘ఐదు నిమిషాలకే’ కారు ఆపుతాము. ఇవన్నీ ఎవరో చేసేవి కావు, మేము కూడా చేసినవే.

కన్నాట్ ప్లేస్ మాకు నేర్పినది ఒక్కటే. నగరపు నడిబొడ్డు నేల పెరగదు. పని రోజున బండి నిలిచేదీ, పండుగ నాడు జనం నిలిచేదీ, ప్రమాదం వచ్చినప్పుడు ఆదుకొనేవారు పరుగెత్తేదీ ఆ ఒక్క నేల మీదనే. పార్కింగును ఒక శాఖ, భద్రతను ఒక శాఖ, ఉత్సవాలను ఒక శాఖ చూడవచ్చును గాని, నేల మూడు ముక్కలు కాదు. ఒకరి ఐదు నిమిషాల సౌకర్యం మరొకరి ఊపిరి నిలిపే ఐదు నిమిషాలు కాగలదు.

వచ్చే దసరాకు మా మూడు కుటుంబాలు మైదానానికి నడిచి వెళ్లాలని నిశ్చయించుకొన్నాము. మా పిల్లలు ఆ నిర్ణయాన్ని అప్పుడే తమ స్నేహితులందరికీ చెప్పేశారు కనుక ఇక వెనుకకు పోవడానికి వీలు లేదు. దారిలో మీరు కలిస్తే కలిసి నడుద్దాము.